లేపాక్షి శిలనుండి ఈ-పుస్తకము వరకు: గ్రంథోత్పత్తి వ్యయ విచారము

గ్రంథమునకు ఎంత వ్యయమగునను ప్రశ్న ముద్రాపకునికిని విక్రేతకును చెందినదే కాని సాహిత్య చరిత్రకారునికి చెందినది కాదని మనలో పెక్కురు తలంతురు. కాని ఏ గ్రంథము మనదాక వచ్చినది, ఏది రాకపోయినది, వచ్చినదానిలో పాఠమెట్లు చెడినది అని విచారించునపుడు మరల ఆ ప్రశ్నకే చేరవలసి వచ్చుచున్నది. ఒక పాఠమును నిలుపుటకు ఎవరో ఒకరు వ్యయము భరించిరి. భరించువారు లేనపుడు పాఠము నశించినది. ఈ దృష్టితో గ్రంథచరిత్రను పరిశీలించుట అవసరము.

అచ్చుపుస్తకముకంటె ఈ-పుస్తకము మిక్కిలి చౌక యనియు, కాగితము, సిరా, కుట్టుపని, గిడ్డంగి, రవాణా లేనందున దానికి వ్యయమే లేదనియు నేడు తరచుగా వినబడుచున్నది. పరిశోధన గ్రంథములను ఇక అచ్చువేయనక్కరలేదు, తెరపై ఉంచిన చాలునను సలహా విశ్వవిద్యాలయములలో సైతము బలపడుచున్నది. ఈ మాటలో కొంత సత్యము కలదు. ఎంత కలదో నిర్ణయించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

అందుకై గ్రంథవ్యయమును మూడుగా విభజింతము. పాఠమును సేకరించి, పరిష్కరించి, అక్షరములు కూర్చి, దోషములు సవరించి తొలిప్రతిని సిద్ధపరచుటకు అగునది మూలవ్యయము. ఆ తొలిప్రతినుండి మఱియొక ప్రతిని పుట్టించుటకు అగునది ప్రతివ్యయము. పుట్టిన ప్రతిని చెడకుండ నిలుపుటకు అగునది రక్షణవ్యయము. శిల, రాగిరేకు, తాటియాకు, అచ్చుకాగితము, యంత్రపు తెర అను అయిదు ఆధారములను ఈ మూడు వ్యయములతో పోల్చి చూచినచో విషయము స్పష్టపడగలదు.

శిలాశాసనము

విచారమును లేపాక్షితో ఆరంభించుట సముచితము. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, 2022 ఏప్రిలు వరకు అనంతపురము జిల్లాలోను అటుపిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరియున్న ఈ గ్రామమున, కూర్మశైలమను గుట్టపై వీరభద్రాలయము కలదు. విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయలు (1529-1542) ఏలుచుండిన కాలమున పెనుగొండ సీమలో రాజోద్యోగియైన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు దీనిని విస్తరింపజేసిరి. ఆలయమునకు ఈయబడిన భూములను, గ్రామములను తెలుపు శాసనములు అచ్చటనే శిలపై చెక్కబడి యున్నవి. వానిలో పెక్కు కన్నడ భాషలో నుండుట ఆ సీమయందలి ద్విభాషా సంస్కృతికి నిదర్శనము.

ఈ శాసనముల ఉత్పత్తి విధానమును గమనింపుడు. పాఠమును కూర్చినవాడు ఒకడు, దానిని ఱాతిపై చెక్కినవాడు వేరొకడు అగుట శాసనములలో సామాన్యము. చెక్కుటలో తప్పు దొరలినచో దిద్దుట కష్టము; కావున ఉలి పట్టుటకు పూర్వమే పాఠము సిద్ధము కావలెను. ఇచ్చట మూలవ్యయము మిక్కుటము. రెండవ ప్రతి కావలెనన్నచో తొలిప్రతికి పట్టిన శ్రమయే మరల పట్టును. అయినను రక్షణవ్యయము మిక్కిలి స్వల్పము. దాదాపు 500 సంవత్సరములు గడచినను, మధ్య రాజ్యములు మారినను, ఏ లేఖకుడును తిరిగి వ్రాయకయే ఆ పాఠము చదువవీలగుచున్నది. ఆ ఆలయమందే మండపముల కప్పులపై చిత్రింపబడిన కిరాతార్జునీయాది కథల వర్ణచిత్రములు అనేక స్థలముల వెలసి, రాలి, నిత్యరక్షణ కోరుచుండ, శిలాక్షరము తన రక్షణను తానే చేసికొనుచున్నది.

విరూపణ్ణను గూర్చిన జనశ్రుతి ప్రసిద్ధము. రాజధనమును అనుజ్ఞ లేక ఆలయమునకు వెచ్చించెనను నేరము మోపబడగా అతడు తన కన్నులను తానే పెఱికికొని గోడకు విసరెనని చెప్పుదురు. గోడపై ఎఱ్ఱని మరకలను, పూర్తి కాని కల్యాణ మండపమును నేటికిని చూపుదురు. దీనిని చరిత్రగా గ్రహింపజాలము. కాని జనస్మృతి ఆ కట్టడమును ఒక లెక్కల తగవుగా నిలుపుకొనుట గమనార్హము. ఇంతటి పని జరిగినది సరే, దీని మూల్యము ఎవరు చెల్లించిరి అని ఆ కథ అడుగుచున్నది. మనము గ్రంథమును గూర్చి అడుగవలసిన ప్రశ్నయు అదియే.

రాగిరేకు, తాటియాకు

అచ్యుతరాయల కాలముననే తిరుమలలో మఱియొక మహాకార్యము జరిగెను. తాళ్లపాక అన్నమాచార్యుని కుమారుడు పెదతిరుమలాచార్యుడు తండ్రి సంకీర్తనములను, తన సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించెను. అట్టి రేకులు రెండు వేలకు పైగా ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపఱుపబడి, 1922 ప్రాంతమున పండితుల దృష్టికి వచ్చి, తరువాత పరిష్కరింపబడి ప్రకటింపబడినవి. లోహమునకును, చెక్కుడు పనికిని అయిన వ్యయము సామాన్యులు భరింపదగినది కాదు. కాని శతాబ్దముల పాటు పాఠకులు లేకున్నను ఆ పాఠము నిలిచినది. ముందుగా చెల్లించిన వ్యయము వెనుక కాలపు నిర్లక్ష్యమునకు ప్రాయశ్చిత్తమైనదని చెప్పవచ్చును.

తాటియాకు స్థితి దీనికి విపరీతము. ఆకు సులభముగా దొరకును. గంటము, మసి, దారము చాలును. కాని ప్రతి ప్రతికిని లేఖకుని శ్రమ పూర్తిగా చెల్లింపవలసినదే. వంద ప్రతులకు వంద రెట్ల శ్రమ. అంతేకాక పురుగు, తేమ, చివికిపోవుట అను ఆపదల వలన కొన్ని తరముల కొకమారు గ్రంథమంతయు తిరిగి వ్రాయింపవలెను. అనగా రక్షణవ్యయము ప్రతివ్యయముతో సమానము. అట్లు వ్రాయునపుడెల్ల క్రొత్త స్ఖాలిత్యములు చేరును. ఆంధ్ర కావ్యములలో నేడు మనము చర్చించు పాఠభేదములలో అధికభాగము ఈ వ్యయవిధానమునకు ఫలమే. తిరిగి వ్రాయించు పోషకుడు లేని కావ్యము పేరు మాత్రము మిగిలి పోయినది.

బ్రౌను చెల్లించిన మూల్యము

ఈ మూడు వ్యయములను ఒకే జీవితమున చెల్లించి చూపినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన ఆయన, తెలుగు కావ్యముల వ్రాతప్రతులను పలుచోట్లనుండి తెప్పించి, జూలూరి అప్పయ్య మొదలగు పండితులకు వేతనములిచ్చి, ప్రతులను సరిపోల్చించి శుద్ధప్రతులను వ్రాయించెను. ఇందుకు తన జీతమును వెచ్చించుటయే కాక అప్పులు సైతము చేసెను. 1829లో వెలువడిన వేమన పద్యముల సంపుటము, 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఈ వ్యవసాయమునకు ఫలములు.

మఱియొక అంశము ఇంతకంటె ముఖ్యము. 1821లో మరణించిన కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామచరిత్రలు, కైఫియత్తులు కాగితములపై చెదిరి, చివికిపోవుచుండగా వానికి బ్రౌను నకళ్లు వ్రాయించెను. స్థానిక చరిత్రలను పేర నేడు పరిశోధకులు వాడుకొను అరువదికి పైగా సంపుటములు అట్లు ఏర్పడినవే. రాయలసీమ గ్రామములను గూర్చి పరిశోధించువారు ఈ నకళ్లకు ఎంత ఋణపడియున్నారో వేఱుగ చెప్పనక్కరలేదు. ఇచ్చట బ్రౌను క్రొత్త గ్రంథము నేదియు ఉత్పత్తి చేయలేదు; ఉన్నదానిని నిలిపెను. వ్యయపట్టికలో రక్షణమునకు ప్రత్యేక స్థానము కావలెననుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము లేదు.

ముద్రణము

ముద్రణము వచ్చుటతో వ్యయముల క్రమము తలక్రిందులైనది. తెలుగు అక్షరములకు అచ్చులు పోయుట మొదట దేశాంతరమున, జర్మనీలోని హాలె నగరమున, బెంజమిన్ షుల్జె అను మతబోధకుని పూనికతో 18వ శతాబ్ది నడుమ జరిగెను. తెలుగు లిపికి గుణింతములు, వత్తులు కలిసి వందల కొలది దిమ్మలు కావలెను. వానిని పోయించుట, అరలలో అమర్చుట, ఒక్కొక్కటి ఏరి కూర్చుట, చిత్తుప్రతి దిద్దుట, పని ముగిసిన పిదప తిరిగి అరలకు చేర్చుట ఇవన్నియు మూలవ్యయమునకు చెందినవి. కాని ఒకమారు పుట కూర్చబడిన పిమ్మట తరువాతి ప్రతికి కావలసినది కాగితము, సిరా, స్వల్పమైన శ్రమ మాత్రమే.

మూలవ్యయములో ఏది నిజముగా విలువైనదో శ్రీరామపురపు అగ్నిప్రమాదము విశదము చేయుచున్నది. 1812 మార్చి 11న అచ్చటి క్రైస్తవ ముద్రణాలయము దగ్ధమైనపుడు అనేక భాషల అచ్చులతోపాటు విలియం కేరీ రచించుచుండిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు కాలిపోయెను. కరిగిన లోహమును ఏరి, మిగిలిన మాతృకలతో అచ్చులను కొలది కాలములోనే తిరిగి పోసికొనిరి. వ్యాకరణమును మాత్రము మరల వ్రాయవలసి వచ్చెను. అది 1814లో వెలువడెను. ఆధారమునకు అయిన వ్యయము ధనముతో పూడినది. పాఠమునకు అయిన వ్యయము మనుష్యుని కాలముతో తప్ప పూడలేదు.

ప్రతులు పెరిగిన కొలదియు వెల తగ్గుననునది ముద్రణశాస్త్రపు మూలసూత్రము. దీనిని ఆశ్రయించియే 1854లో స్థాపింపబడిన వావిళ్లవారి ముద్రణాలయము కావ్యములను, శాస్త్రగ్రంథములను పండితుల ఇండ్లకు చేర్చెను. 20వ శతాబ్ది ఉత్తరార్ధమున ఎమెస్కో సంస్థ చిన్న పరిమాణపు చౌకపుస్తకములతో ఇంటింట గ్రంథాలయ పథకమును నడపినదియు ఈ సూత్రముననే. ముందుగా చేరిన చందాదారులు ప్రకాశకునికి ప్రతుల సంఖ్యను నిశ్చితము చేసిరి. నిశ్చితమైన సంఖ్య వెలను తగ్గించెను.

ఈ-పుస్తకము

ఇక ఈ-పుస్తకమును ఈ కొలమానమున నిలుపుదము. ఇందు ప్రతివ్యయము దాదాపు శూన్యమనుట నిర్వివాదము. కాని మూలవ్యయము అట్లే నిలిచియున్నది. పోలిక సుగమమగుటకై ఒక కల్పిత గణితమును చూపుదుము. ఒక గ్రంథమునకు మూలవ్యయము 60,000 రూపాయలనియు, అచ్చున ఒక్కొక్క ప్రతికి 80 రూపాయలనియు అనుకొందము. 5,000 ప్రతులు పోవు గ్రంథమునకు మూలవ్యయములో ఒక్కొక్క ప్రతి వంతు 12 రూపాయలు. అచ్చుప్రతి 92 రూపాయలకును, ఈ-ప్రతి 12 రూపాయలకును వచ్చును. 500 ప్రతులు మాత్రమే పోవు గ్రంథమునకు అచ్చుప్రతి 200, ఈ-ప్రతి 120 రూపాయలు. 200 మంది మాత్రమే చదువు గ్రంథమునకు అచ్చుప్రతి 380, ఈ-ప్రతి 300 రూపాయలు. అనగా మొదటిదానిలో ఆదా నూటికి 87 వంతులు, రెండవదానిలో 40, మూడవదానిలో 21 మాత్రమే. స్వల్పసంఖ్యలో అచ్చు వేయునపుడు ప్రతివ్యయము ఇంకను పెరుగునను మాట నిజమే. అయినను సూత్రము మారదు. జనప్రియ నవలకు ఈ-పుస్తకము మిక్కిలి చౌక. పరిశోధన గ్రంథమునకు అంత చౌక కాదు. శాసన సంపుటము, పరిష్కృత కావ్యము, మాండలిక పదకోశము వంటివి ప్రధానముగా మూలవ్యయముతో ఏర్పడిన గ్రంథములు. కాగితము తీసివేసిన మాత్రమున వాని వ్యయము పోదు.

ఇట్లనుట వలన ఈ-పుస్తకపు గుణమును తగ్గించుట కాదు. 500 ప్రతులకు ముందుగా కాగితమునకే 40,000 రూపాయలు పెట్టుబడి పెట్టి, అమ్ముడుపోని కట్టలను ఇంటిలో దాచుకొను బాధ రచయితకు తప్పుచున్నది. ఒకప్పుడు చెన్నపట్టణపు గ్రంథాలయమునకు పోయినగాని చూడరాని పుస్తకమును నేడు హిందూపురపు విద్యార్థి ఇంటనుండి చదువగలుగుచున్నాడు. కాని ఇది చదువరి చేతిలో యంత్రము, విద్యుత్తు, అంతర్జాల సౌకర్యము ఉన్నపుడే. ప్రకాశకుడు వదలుకొన్న వ్యయములో కొంత భాగము చదువరిపై పడినదన్న మాట.

తెలుగున ఈ మూలవ్యయమునకు ఒక విశేషకారణము కూడ కలదు. అంతర్జాతీయ సంకేత పద్ధతియగు యూనికోడు తొలి కూర్పునందే, 1991లో, తెలుగునకు స్థానము లభించినది. కాని పుస్తక ముద్రణరంగమున అను మొదలగు ప్రత్యేక ఖతులే చిరకాలము రాజ్యమేలినవి. వానిలో అక్షరసంకేతములు యూనికోడు సంకేతములు కావు. కావున కంప్యూటరుపై కూర్చి అచ్చువేసిన పుస్తకము సైతము నేరుగా ఈ-పుస్తకము కాజాలదు. సంకేతములను మార్చి, మార్పులో చెడిన వత్తులను, గుణింతములను మరల చదివి దిద్దవలెను. అట్లే, తెలుగు దంత్య చ, జ లకు 2008లో వెలువడిన 5.1వ కూర్పున, నకారపొల్లునకు 2021 నాటి 14వ కూర్పున మాత్రమే ప్రత్యేక సంకేతములు చేరినవి. వ్యాకరణమును, శాసనమును, ప్రాచీన ముద్రణమును ఉన్నదున్నట్లు తెరకెక్కింపదలచినవారికి ఇవి అల్పవిషయములు కావు.

పాత పుస్తకముల పుటలను ఛాయాచిత్రములుగా తీసి యంత్రముచే చదివించినను ప, వ, ష, మ, య, థ, ధ వంటి అక్షరముల యెడ పొరపాట్లు దొరలుచునే యున్నవి. మానవనేత్రము తిరిగి చూడక తప్పదు. 2005లో ఆరంభమైన తెలుగు వికీసోర్సున ఈ పనిని స్వచ్ఛంద సేవకులు చేయుచున్నారు. వారికి వేతనము లేదు గాన వ్యయము లేదనుట న్యాయము కాదు. ఆ వ్యయమును వారు తమ కాలముతో చెల్లించుచున్నారు.

విక్రయరంగమును కూడ చూడవలెను. 2010లో కినిగె వెలసి తెలుగు ఈ-పుస్తకముల విక్రయమునకు దారి చూపినది. అమెజాను సంస్థ 2016లో తన కిండిల్ సేవను అయిదు భారతీయ భాషలకు విస్తరించినపుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళములకు చోటు దొరికినదే కాని తెలుగునకు దొరకలేదు. పన్నుల విషయమునను భేదము కలదు. 2017లో వస్తు సేవల పన్ను వచ్చినపుడు అచ్చుపుస్తకమునకు పన్ను లేదు; ఈ-పుస్తకమునకు నూటికి 18 వంతులు విధింపబడెను. 2018 జూలైలో దీనిని 5 వంతులకు తగ్గించిరి. కాని ముద్రణరూపము కలిగిన ఈ-పుస్తకములకు మాత్రమే ఆ తగ్గింపు. కాగితమును ముట్టకయే పుట్టిన గ్రంథమునకు ఆ సౌకర్యము ఈయబడలేదు. వ్యయమును తప్పించుకొనుటకు తెరను ఆశ్రయించిన గ్రంథము అధికమైన పన్నునకు లోనగుట విచిత్రము.

రక్షణవ్యయము

అన్నిటికంటె గంభీరమైనది మూడవ వ్యయము. 21వ శతాబ్ది ఆరంభమున భారత డిజిటల్ గ్రంథాలయ పథకము మొదలైనది. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డి సంకల్పించిన పదిలక్షల పుస్తకముల ప్రణాళికలో ఇది భాగము. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ మొదలగునవి ఇందు పాల్గొనినవి. వేలకొలది తెలుగు పుస్తకములు తెరకెక్కినవి. అలభ్యములనుకొన్న ముద్రణములు పరిశోధక విద్యార్థులకు సులభములైనవి. పిమ్మట ఒక దశాబ్దిన్నర గడచుసరికి ఆ గ్రంథాలయపు ద్వారము చదువరులకు మూతపడినది. ఆ పుస్తకములలో అధికభాగము నేడును లభించుచున్నదన్నచో, అందుకు కారణము వాని నకళ్లు అంతకుముందే ఇంటర్నెట్ ఆర్కైవునకు చేరియుండుటయే. మెకంజీ కాగితములకు బ్రౌను చేసిన ఉపకారమే ఇచ్చటను జరిగినది: మూలస్థానము మూతపడెను, నకలు నిలిచెను.

శిలకు రక్షణవ్యయము స్వల్పము; అచ్చుపుస్తకమునకు ఒక బీరువా, కొంత శ్రద్ధ చాలును; తాటియాకునకు కొన్ని తరముల కొకమారు తిరిగి వ్రాత కావలెను. ఈ-పుస్తకమునకో, ఆ తిరిగి వ్రాత కొన్ని సంవత్సరముల కొకమారే కావలెను. నిలువచేయు సాధనములు పాతబడును, రూపములు మారును, స్థలమునకు అద్దె ఏటేట కట్టవలెను. ఈ అంశమున ఈ-పుస్తకము అచ్చుపుస్తకముకంటె తాటియాకునకే సన్నిహితము. పోషకుడు చెల్లింపు మానిన నాడు అది చివుకదు, చెదపట్టదు. చప్పుడు లేక మాయమగును. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టము అచ్చుపుస్తకములను ఉద్దేశించి ఏర్పడినది. దాని ప్రకారము దేశమందలి నాలుగు గ్రంథాలయములకు ప్రతులు చేరును. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయము అందొకటి. తెరపై మాత్రమే పుట్టిన తెలుగు గ్రంథమునకు ఆ ఆశ్రయము లేదు.

ముగింపు

పై విచారమునుండి తేలినది ఇది. ఆధారములు మారినపుడెల్ల ప్రతివ్యయము తగ్గుచు వచ్చినది. మూలవ్యయము పండితుని శ్రమగా అట్లే నిలిచినది. రక్షణవ్యయము శిలనుండి తెరకు వచ్చుసరికి మిక్కిలి పెరిగినది. కావున ఈ-పుస్తకమునకు వ్యయము లేదనుట, దాని వ్యయమును ఎవరును చెల్లింపనక్కరలేదని భావించుట పొరపాటు. చెల్లింపని మూలవ్యయము తప్పులతడక పాఠముగా, చెల్లింపని రక్షణవ్యయము అదృశ్యమైన గ్రంథముగా మనకే తిరిగి వచ్చును.

ఈ విషయము నేడు అత్యవసరముగా ఆలోచింపదగినది. లక్ష ప్రాచీన శాసనములను మొదటి విడతగా డిజిటల్ రూపమునకు తెచ్చు సంకల్పమును కేంద్రప్రభుత్వము 2023 ఆదాయవ్యయ పత్రమున ప్రకటించినది. లేపాక్షి వీరభద్రాలయమును, ఏకశిలా నంది విగ్రహమును 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చినది. ఇట్టి శాసనములు తెరకెక్కుట సంతోషకరము. కాని ఛాయాచిత్రము శాసనపాఠము కాదు. లిపిని చదివి, కన్నడమును తెలుగును ఎఱిగి, పాఠమును నిర్ణయింపగల పండితునికి వేతనము కేటాయింపక యంత్రములకు మాత్రమే ధనము వెచ్చించినచో మనకు లభించునవి చదువరాని చిత్రములు.

విశ్వవిద్యాలయాంధ్రశాఖలు చేయదగినవి మూడు కలవు. కాగితముపై ఆదాయైన ధనమును పాఠపరిష్కర్తకును, దోషసవరణ చేయువారికిని పారితోషికముగా ఈయవలెను. ప్రతి ఈ-గ్రంథమును ఒకే స్థానమున కాక పరస్పర సంబంధము లేని అనేక స్థానములలో నిలుపవలెను. పరిశోధన గ్రంథము ఎంత తెరపై వెలువడినను కొలది ప్రతులనైనను మంచి కాగితముపై అచ్చువేసి గ్రంథాలయములకు చేర్చవలెను. స్వల్పసంఖ్యలో అచ్చువేయుట నేటి యంత్రములతో సాధ్యమే.

లేపాక్షి కల్యాణ మండపము స్తంభములు నిలిచి, పైకప్పు లేక నేటికిని అసంపూర్ణముగా నున్నది. కట్టడము ఆగిన కారణమును గూర్చి కథలు పెక్కు. చెల్లింపు ఆగినదను మాటయే వాని యన్నిటి సారాంశము. దాని ప్రక్కనే చెక్కుడు పని ముగిసిన శాసనము చదువరికై వేచియున్నది. మనము నేడు ఆరంభించు ఈ-గ్రంథములు ఈ రెంటిలో దేనివలె మిగులునో, వాని మూలవ్యయమును రక్షణవ్యయమును మనము చెల్లించు విధమునుబట్టి యుండును.